రెండు చుక్కలు

ఎనుమాముల యార్డుల జెండా పాట కాకముందే
తేమ చూసే మిషన్ మొరాయించింది.
బస్తాల నీడ జరుగుతుంటె
నీడెంబడి మేమూ జరుగుతున్నం.

చైనా సేటు పొద్దటిసంది తుమ్ముతనే ఉన్నడు.
మన మాటల్ల అతనికొచ్చింది 'తేజ' ఒక్కటే.
దాన్నే దండం పెట్టినట్టు,
దారి అడిగినట్టు,
ధర ఎక్కువన్నట్టు వాడుతడు.

"ఏ ఊరు సారూ?" అన్న.
దడువాయిని. ఊరు తెలవకుంట
మిర్చినైతె తూస్త గని మనిషిని తూయలేను.

నిఖత్ అతని భాషల అడిగింది.
మండిబజార్ పిల్ల. అక్కడ డాక్టరు చదివొచ్చి
ఇక్కడి పరీక్ష మూడోసారి రాసి
ఫలితం వచ్చేదాక మిర్చికి దుబాసీ.

సేటు పేరు షెన్. గొంతుకూసున్నడు.
టార్పాలిన్ మీద రాలిన కారంల వేలు పెట్టి గీసిండు:
మూడంతస్తుల పెట్టె,
దానికింద ఒక పట్టీ,
పట్టీ కింద ముడుచుకున్న మోకాలు.

"జిల్లాకు చిన్నది, మండలానికి పెద్దది," అన్నది నిఖత్.
"పాత రాతల దీని పక్కన దారముండేదట.
దారానికి తలకిందులుగ ఒక తల.
వేలాడుడు అని అర్థం.
రాత తేలిక చేసిననాడు దారం తెంపేసిన్రు."

"మరి తల?"

నిఖత్ అడిగింది. షెన్ నవ్విండు.
"ఇంకా వేలాడుతనే ఉన్నదట."

కాంటా కొండి దిక్కు చూసిన.
ముప్పై ఏండ్లు దానికింద నిలబడ్డ,
నేనుగూడ ఒక జిల్లానేమో.

ఆ ఊరి పేరు నా నోట్ల తిరగలే.
అర్థమైతె పట్టుకున్న: ఏటికి ఎండపక్క.
ఏటికి ఉత్తరపు గడ్డ ఎండది, దక్షిణపుది నీడది,
అది వాళ్ల పెద్దల లెక్క.
షెన్ తాత తొట్లె ఉన్నప్పుడు, ఒక వానకాలం రాత్రి
ఏరు ఊరును దాటిపోయి
అటుపక్క పండుకున్నది.
తెల్లారేసరికి వాళ్లది నీడపక్క.
పేరు మార్చుదామని దఫ్తరోళ్లు వస్తె
"ఏరు మళ్లొస్తె ఏమని పిలుస్తది?" అన్నరట ముసలోళ్లు.

"మీదే ఊరు?"

పరకాల దాపున బుట్టలగూడెం అన్న.
మొదలు వరంగల్ జిల్లా. తర్వాత వరంగల్ రూరల్.
ఆ జిల్లా ఐదేండ్లు గూడ నిండకుంట పోయింది.
ఇప్పుడు హన్మకొండ.
మేమైతె ఉన్న జాగలనే ఉన్నం.

బడి గోడ మీద సర్పంచ్ రాయించిండు:
మేదరోళ్లు బుట్టలల్లిన పల్లె.
మా ఊర్ల ఒక్క మేదరిల్లు లేదు.
వెదురు బొంగు ఇల్లు కప్పడానికే దొరకదు, అల్లెదెక్కడ.
మా ముత్తవ్వ ఎల్లవ్వ మాత్రం
మట్టిల కలిసేదాక పుట్టలగూడెం అనే అన్నది.
ముసలి నోరు, జారింది అనుకున్నం.

నిఖత్ ఆగమన్నది.
షెన్ రాత పక్కనే, కుడి నుంచి ఎడమకు
పడవ లెక్క ఒక గీత గీసింది.
"కింద ఒక్క చుక్క పెడితె 'బ',
మూడు పెడితె 'ప'.
నైజాం నాటి దస్త్రంల ఎవరో మున్షీ
సిరా ఎండి, నిద్రొచ్చి,
రెండు చుక్కలు మిగుల్చుకున్నడేమో."

అంతేనా!
రెండు చుక్కలకు లేని మేదరోళ్లు పుట్టిన్రు,
ఉన్న పుట్టలు మాయమైనయి.
నాకనిపిస్తది, మున్షీ తప్పేం లేదు.
తడారని కాగితం మీదికెక్కి
చీమలే ఎత్తుకపోయుంటయి,
వాటి ఇండ్ల పేరు వాటికి కావద్దా?

షెన్‌కు ఆమె ఇదంతా చెప్పేసరికి చానసేపు పట్టింది.
అతను బస్తా మూతి విప్పి, ఒక కాయ చీల్చి
రెండు గింజలు గోటితో తీసి
పడవకింద, ఉన్న చుక్క పక్కన పెట్టిండు.
మెల్లగ. మందు తూసినట్టు.

వంద ఏండ్లకు మా ఊరు మా ఊరైంది.
ముత్తవ్వ నోరు సరిగనే ఉండె.

ఇంతల మిషన్ బాగైందని ఎవరో కేకేసిన్రు.
షెన్ లేవబోయి
గట్టిగ తుమ్మిండు.

గింజలు ఎటుపోయినయో,
మళ్ల బుట్టలగూడెం.